పాత సైనిక తుపాకి విలువ ఎక్కడ ఉంది?
(త్రీ నాట్ త్రీ కథ – కుటుంబాలవారు తెలుసుకోవలసిన కొన్ని సంగతులు)

త్రీ నాట్ త్రీ తుపాకిని మన తరంవారికి ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. ట్రెజరీ గుమ్మం ముందు సెంట్రీ భుజాన, ఎన్నికల విధులకు వెళ్ళినప్పుడు పోలింగు కేంద్రం దగ్గర కానిస్టేబుల్ చేతిలో, పంద్రాగస్టు కవాతులో మనమంతా దానిని చూసినవాళ్ళమే. ఆ తుపాకి ఇప్పుడు కొలువు విరమించుకుంటున్నది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న గణతంత్ర దినోత్సవ కవాతులో దానికి లాంఛనంగా వీడ్కోలు పలికారు. నిన్నటిదాకా డ్యూటీలో ఉన్న ఆయుధం క్రమంగా మ్యూజియం వస్తువు అవుతున్నదన్నమాట.

దానితోపాటే ఒక ప్రశ్న కూడా బయలుదేరింది. “మా తాతగారి కాలంనాటి తుపాకి ఒకటి ఉంది. నూరేళ్ళ పైబడినది. లక్షలు పలుకుతుందంటున్నారు, నిజమేనా?” తుపాకి పాతదైతే చాలు, విలువ దానంతట అదే పెరుగుతుందని చాలామంది నమ్మకం. పాత సామాను వ్యాపారులు ఈ నమ్మకాన్ని రెండు విధాలా వాడుకుంటారు. అమ్మేటప్పుడు “నూరేళ్ళ నాటిది” అంటారు. కొనేటప్పుడు “తుప్పుపట్టిన ఇనుము” అంటారు. తుపాకి మాత్రం ఒకటే!

నిజానికి పాత సైనిక తుపాకి విలువను నిర్ణయించేది దాని వయస్సు ఒక్కటే కాదు. అది పుట్టిననాటి రూపంతో, తన ముద్రలతో, తన నంబర్లతో ఎంతవరకు చెక్కుచెదరకుండా మిగిలింది అనేది అసలు కొలత. ఈ మాట అర్థం కావాలంటే ముందు ఆ తుపాకి చరిత్ర కొంత తెలియాలి.

లీ గారి బోల్టు, ఎన్‌ఫీల్డు గొట్టం

జేమ్స్ పారిస్ లీ 1831లో స్కాట్లండులో పుట్టి, చిన్నతనంలో కెనడాకు వలసవెళ్ళి, తరువాత అమెరికాలో స్థిరపడిన పనిమంతుడు. తూటాల పెట్టెను తుపాకి కింది భాగాన తగిలించే ఏర్పాటు, వేగంగా తెరచి మూయగల బోల్టు ఆయన ప్రతిభకు నిదర్శనాలు. 1888లో బ్రిటిష్ సైన్యం ఆయన బోల్టును, విలియం మెట్‌ఫర్డ్ రూపొందించిన గొట్టాన్ని కలిపి “లీ-మెట్‌ఫర్డ్” పేరుతో స్వీకరించింది. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో 0.303 వంతు. “త్రీ నాట్ త్రీ” అనే పేరు అలా వచ్చింది.

కొంతకాలానికి పాత నల్ల తుపాకిమందు పోయి, పొగ రాని కార్డైట్ వచ్చింది. దాని వేడికి మెట్‌ఫర్డ్ గొట్టం లోపలి లోతు తక్కువ గాళ్ళు త్వరగా అరిగిపోసాగాయి. లండనుకు ఉత్తరాన ఉన్న ఎన్‌ఫీల్డు ప్రభుత్వ ఆయుధ కర్మాగారంవారు లోతైన గాళ్ళతో కొత్త గొట్టం తయారుచేశారు. 1895లో ఆ మార్పుతో వచ్చినదే “లీ-ఎన్‌ఫీల్డు”. దక్షిణాఫ్రికాలో బోయర్లతో 1899 నుంచి 1902 వరకు జరిగిన యుద్ధం తరువాత, పదాతిదళానికి ఒకటి, ఆశ్వికదళానికి ఒకటి అని రెండు కొలతలు ఎందుకని, అందరికీ పనికివచ్చే పొట్టి తుపాకిని రూపొందించారు. అందులో 1907లో వచ్చిన మార్క్-3 రకమే రెండు ప్రపంచ యుద్ధాలలోనూ మన సిపాయిల చేతిలో ఉన్నది. పెట్టెలో పది తూటాలు పడతాయి. బరువు సుమారు నాలుగు కిలోలు.

మన దేశంలో దీని పుట్టిల్లు ఇషాపూర్. కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున, బారక్‌పూర్ దాపున ఉన్న ఆ ఊళ్ళో ఈస్టిండియా కంపెనీ కాలం నుంచీ తుపాకిమందు ఫ్యాక్టరీ ఉండేది. అదే చోట 1904లో రైఫిల్ ఫ్యాక్టరీ నెలకొన్నది. బ్రిటన్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నంబర్-4 అనే తరువాతి రకానికి మారిపోయినా, ఇషాపూర్ మాత్రం పాత మార్క్-3 నమూనానే స్వాతంత్ర్యం తరువాత కూడా తయారు చేస్తూ వచ్చింది. 1962 చైనా యుద్ధం తరువాత అదే నమూనాలో, మెరుగైన ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపోయే 2ఎ, 2ఎ1 రకాలు వచ్చాయి. ఇవి పాత తుపాకులకు కొత్త గొట్టాలు తొడిగినవని కొందరు పొరబడతారు. అవి కొత్తగా తయారైనవే. అసలు ఎన్‌ఫీల్డు ఫ్యాక్టరీ 1988లో మూతపడింది. ఇషాపూర్ ఫ్యాక్టరీ 2021 అక్టోబరు నుంచి ప్రభుత్వ రంగ కంపెనీలో భాగంగా కొనసాగుతున్నది.

తుపాకి జాతకం దాని మెడ మీదే

కొయ్య మడమ వచ్చి ఇనుప భాగంలో కుదురుకునే చోట ఉక్కు పట్టీ ఒకటి ఉంటుంది. దాని కుడివైపు చూస్తే తుపాకి జాతకం కనిపిస్తుంది. పైన కిరీటం. దాని కింద పొడి అక్షరాలు. “వి.ఆర్.” అంటే విక్టోరియా రాణి. “ఇ.ఆర్.” అంటే 1901 నుంచి 1910 వరకు రాజ్యమేలిన ఏడవ ఎడ్వర్డు. “జి.ఆర్.” అంటే జార్జి. ఇషాపూర్ తుపాకుల మీద “జి.ఆర్.ఐ.” అని ఉండడం కద్దు. చివరి అక్షరం చక్రవర్తి అనే బిరుదుకు గుర్తు. గణతంత్రం వచ్చిన తరువాత కిరీటం స్థానంలో అశోకుని సింహాలు వచ్చాయి. ఒక దేశం చేతులు మారిన వైనం అరచేతి వెడల్పు ఉక్కు మీద ఇలా నమోదయి ఉన్నది.

ఆ కింద తయారీదారు పేరు, సంవత్సరం, రకం ఉంటాయి. ఎన్‌ఫీల్డు, బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ., లండనులోని ఎల్.ఎస్.ఎ., ఆస్ట్రేలియాలోని లిత్‌గో, మన ఇషాపూర్ ముఖ్యమైనవి. వీటిలో ఎల్.ఎస్.ఎ. తయారీ బి.ఎస్.ఎ. తయారీ కంటె చాలా తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో కొరత వచ్చినప్పుడు కొద్ది సంవత్సరాలు మాత్రమే నడిచిన స్టాండర్డ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ ముద్ర “ఎస్.ఎస్.ఎ.” ఇంకా అరుదు. రెండు తుపాకులు చూపుకు ఒకే తీరుగా ఉన్నా, ఈ మూడక్షరాల తేడాతో సేకరణదారుల దృష్టిలో విలువ మారిపోతుంది.

తరువాత చూడవలసినది నంబరు. బోల్టు పిడి మీద, తుపాకి దేహం మీద, గొట్టం మీద, గురి చూసే ఆకు మీద, మూతి దగ్గరి ఇనుప తొడుగు మీద ఒకే నంబరు ఉండాలి. పోలీసు ఆర్మరీలో పనిచేసిన మిత్రులకు ఇది కొత్త సంగతి కాదు. ఒక తుపాకి బోల్టు మరొక తుపాకికి పట్టినా, దానిని ఆ తుపాకికే సరిచూసి బిగించిన బోల్టుతో సమానంగా నమ్మరాదు. సేకరణదారు కూడా నంబర్లన్నీ కలిసిన తుపాకిని ఒకటిగాను, కలవనిదానిని ముక్కల కలయికగాను లెక్కవేస్తాడు.

మరికొన్ని గుర్తులు కూడా తెలుసుకోదగినవే. వెడల్పు బాణం గుర్తు సర్కారు సొత్తుకు చిహ్నం. రెండు బాణాలు మొనలు తాకేట్టు ఎదురెదురుగా ఉంటే సర్కారు దానిని అమ్మివేసిందని అర్థం. “డి.పి.” అని ఉంటే కేవలం డ్రిల్లుకు పనికివచ్చేది, పేల్చడానికి కాదని హెచ్చరిక. ముందరి కొయ్య మీద రాగితీగ వరుసలుగా చుట్టి ఉంటే అది గ్రనేడు విసిరే కప్పును తగిలించేందుకు బలపరచిన తుపాకి. తెలియనివారు దానిని విరిగినదానికి వేసిన కట్టు అనుకుంటారు.

కోటిన్నర దాటిన తుపాకి అరుదు ఎలా అవుతుంది?

లీ-ఎన్‌ఫీల్డు రకాలన్నీ కలిపి దాదాపు కోటీ డెబ్బై లక్షలు తయారయ్యాయని అంచనా. ఇంత విరివిగా తయారైన వస్తువు అరుదెలా అవుతుందని అడగవచ్చు. ఇక్కడే అసలు కిటుకు ఉన్నది.

1907లో వచ్చిన మార్క్-3 తుపాకికి కొన్ని అదనపు హంగులు ఉండేవి. పెట్టెలోని తూటాలను అత్యవసరానికి దాచి, ఒక్కొక్క తూటా చేత్తో పెట్టుకొని పేల్చడానికి వీలుగా ఒక అడ్డురేకు ఉండేది. రెండువేల గజాలు దాటిన దూరానికి కూడా గుంపుగా గురిపెట్టడానికి ఎడమ ప్రక్కన ఒక చిన్న పళ్ళెం వంటి సాధనం ఉండేది. గాలివాటాన్నిబట్టి గురిని ప్రక్కకు సవరించుకొనే మర ఉండేది. కొయ్య మడమ మీద పటాలం పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉండేది. మహాయుద్ధం వచ్చింది. లక్షల తుపాకులు కావలసి వచ్చాయి. ఈ హంగులన్నీ దండుగని 1916లో తీసివేశారు. అలా వచ్చినదే నక్షత్రం గుర్తు గల మార్క్-3 రకం.

తరువాత పాత తుపాకులు మరమ్మతుకు వచ్చినప్పుడల్లా ఆ హంగులను ఊడదీసి, కొత్త కొయ్య, కొత్త గొట్టం వేసి పంపేవారు. సర్కారుకు కావలసింది పనిచేసే తుపాకి. పురావస్తువు కాదు. నలభై యాభై ఏళ్ళు కొలువు చేసిన తుపాకి రెండు మూడుసార్లయినా ఇలా సంపూర్ణ మరమ్మతుకు వెళ్ళివచ్చి ఉంటుంది. కనుక 1910 నాటి తేదీ మెడ మీద ఉన్నా, పైభాగమంతా 1940ల నాటిది కావచ్చు. అడ్డురేకు, దూరపు గురి సాధనం, ఇత్తడి బిళ్ళ అన్నీ యథాతథంగా మిగిలిన తుపాకి నిజంగా అరుదు. లక్షల్లో పుట్టినవాటిలో వేళ్ళ మీద లెక్కించేటన్ని కూడా ఒక్కొక్క చోట కనిపించవు.

దీనికి మరొక ఉదాహరణ. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో న్యూజీలండులో ఛార్ల్‌టన్ అనే ఆయన పాత లీ-ఎన్‌ఫీల్డులను తమంతట తామే పేలే తుపాకులుగా మార్చాడు. సుమారు 1,500 తయారయ్యాయి. తరువాత పామర్‌స్టన్ నార్త్ పట్టణంలోని గోదాములో జరిగిన అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ కాలిపోయాయి. మిగిలినవి ఏ కొన్నో. తయారీ పట్టిక చూసి మాత్రమే అరుదును లెక్కకట్టలేమని ఇది తెలుపుతుంది.

అరుదు మారుతుంది కూడా. 2003లో నేపాల్ ప్రభుత్వం ఖాట్మండులోని లగన్ సిలేఖానాలో శతాబ్దానికి పైగా పేరుకుపోయిన పాత ఆయుధాలను అమెరికా వ్యాపారులకు అమ్మింది. నిన్నటివరకు దొరకని కొన్ని మార్టినీ-హెన్రీ రకాలు వేల సంఖ్యలో బజారుకు వచ్చాయి. వాటిని అరుదైనవని గొప్ప ధర పెట్టి కొన్నవారు నోళ్ళు తెరిచారు. అదే గోదాములో నేపాలీ సేనాని గహేంద్ర షంషేర్ రాణా పేరు మీద స్థానికంగా తయారైన తుపాకులు కూడా బయటపడి, సేకరణదారులకు కొత్త అధ్యాయం తెరిచాయి.

అరుదు వేరు, విలువ వేరు

మన దేశపు తుపాకులకు మరొక విలువ ఉన్నది. అది ధరలో కనిపించదు. 1857 తిరుగుబాటుకు నిప్పురవ్వ ఎన్‌ఫీల్డు తుపాకి తూటాకు పూసిన కొవ్వు అని మనం బడిలో చదువుకున్నాము. ఆ తిరుగుబాటు తరువాత పాలకులు ఏమి చేశారో బడిలో అంతగా చెప్పలేదు. బయటికి అదే ఎన్‌ఫీల్డు రూపం, లోపల గాళ్ళు లేని నున్నని గొట్టం గల తుపాకులను దేశీయ పటాలాలకు ఇచ్చారు. గాళ్ళు లేకపోతే గుండు దూరం పోదు, గురి నిలవదు. అటు తరువాత కూడా చాలాకాలం గోరా పటాలాలకు కొత్త రకం, సిపాయిలకు వారు విడిచిన పాత రకం అనేది ఆనవాయితీగా సాగింది.

ఇదే జాగ్రత్త ఇరవయ్యో శతాబ్దంలోనూ కనిపిస్తుంది. ఇషాపూర్‌లోనే త్రీ నాట్ త్రీలను గాళ్ళు లేని .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు, కాపలాదారులకు ఇచ్చారు. తూటాల పెట్టె చోట కొయ్యముక్క బిగించి, ఒకసారికి ఒక్క తూటాయే పేలేటట్టు చేశారు. తూటా కూడా సైన్యం వాడే తూటా కాదు. విదేశీ బజారులో ఈ మస్కెటుకు పెద్ద ధర లేదు. కాని పాలితుల మీద పాలకులకున్న అపనమ్మకాన్ని ఇంత స్పష్టంగా చూపే వస్తువు మరొకటి దొరకదు. అటువంటిది కంటపడితే ఆ కొయ్యముక్కను “అడ్డంగా ఉంది” అని పీకి పారేయకూడదు. దాని చరిత్ర అంతా ఆ ముక్కలోనే ఉన్నది.

కథ కాదు, కాగితం కావాలి

ఇక నకిలీల సంగతి. ఇప్పటి పాకిస్తానులో కోహాట్ దగ్గరి దర్రా ఆదమ్ ఖేల్ పనివారు బ్రిటిష్ తుపాకులను చూసి అచ్చం అలాంటివే చేతితో చేయడంలో ఆరితేరినవారు. ముద్రలను కూడా చూచి కొట్టేవారు. ఇంగ్లీషు రానివారు కావడంతో “ఎన్‌ఫీల్డు”లోని ఒక అక్షరం తిరగబడి ఉండడం, విక్టోరియా ముద్ర కింద 1906 అని తేదీ ఉండడం వంటి పొరపాట్లు దొర్లాయి. విక్టోరియా 1901 జనవరిలోనే కాలం చేసింది! రాజుల కాలం తెలిసినవారు ఈ మోసాన్ని క్షణంలో పట్టగలరు. ఇవి కళాఖండాలుగా విలువైనవే కావచ్చు. పేల్చడానికి మాత్రం ప్రాణాంతకం. వాడిన ఉక్కు నాణ్యతకు ఏ హామీ లేదు.

పేరుమోసిన వ్యక్తుల తుపాకులని చెప్పేవాటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి 26 తుపాకులు తీసుకువెళ్ళారు. తాను తీసుకున్న ఆయుధాల జాబితా రాసి, సంతకం చేసి మరీ వెళ్ళడం ఆయన పద్ధతి. రేపు ఎవరైనా “ఇది ఆ దాడిలోని తుపాకి” అని ఒకటి చూపితే, నమ్మడానికి కావలసింది రోమాంచకమైన కథ కాదు. ఆనాటి రికార్డుకు, ఈ తుపాకి మీది గుర్తుకు పొత్తు కుదరాలి. అది కుదిరితే విలువ కట్టలేము. కుదరకపోతే అది మరొక పాత తుపాకి మాత్రమే.

రెండవ యుద్ధకాలపు స్నైపరు తుపాకి నంబర్-4(టి) విషయంలోనూ ఇదే సూత్రం. దానికి అమర్చిన దుర్భిణి నంబరును మడమ మెడ దగ్గర కొయ్య మీద కొట్టేవారు. ఆ దుర్భిణే ఆ తుపాకి మీద ఉంటే విలువ ఒక తీరు, మరొకటి తెచ్చి తగిలిస్తే ఇంకొక తీరు. రిజిష్టరులో నమోదు, సామానుపై నంబరు సరిచూడడం మన ఉద్యోగ జీవితమంతా చేసిన పనే కదా. ఇదీ అదే.

ఇంట్లో ఉంటే ఏం చేయాలి?

మొదటి సంగతి, తోమవద్దు. చింతపండు, ఇసుక, గరుకు కాగితం పెట్టి తళతళలాడేట్టు రుద్దితే ముద్రలు పోతాయి, కొయ్య మీది గుర్తులు పోతాయి. వాటితోబాటే విలువా పోతుంది. కొత్తగా వార్నిష్ వేయించడం ఇంకా పెద్ద తప్పు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడవడం వరకే మన పని.

రెండవది, లోపల తూటా ఉండవచ్చుననే భావించాలి. పిల్లలకు చూపించడానికి బోల్టు లాగడం, ట్రిగ్గరు నొక్కడం చేయరాదు. పాత తూటా నొక్కిన వెంటనే పేలకుండా కొన్ని క్షణాలు ఆగి పేలడమూ కద్దు.

మూడవది, చట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, బాగుచేసినా కూడా పేలడానికి వీలులేని పాతకాలపు ఆయుధాలకే మినహాయింపు ఉన్నది. నూరేళ్ళు దాటినంత మాత్రాన, పనిచేసే తుపాకికి లైసెన్సు అక్కరలేదని అర్థం కాదు. పనిచేస్తుందా లేదా అన్నది మనం తేల్చవలసిన విషయమూ కాదు. పైగా త్రీ నాట్ త్రీ సైనిక కొలత కనుక నిషిద్ధ శ్రేణిలోనిది. పౌరుల కోసం మన ఫ్యాక్టరీలు .315 కొలతలో వేరే రైఫిలును తయారుచేసింది అందుకే. లైసెన్సుదారు మరణిస్తే, ఆ ఆయుధాన్ని ఆలస్యం లేకుండా పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు గల డీలరు వద్దగాని జమచేయాలి. వారసులు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2019 సవరణ తరువాత వారసత్వంగా వచ్చినవాటితో కలిపి ఒక వ్యక్తికి రెండింటికి మించి అనుమతి లేదు. తుపాకిని సంచిలో పెట్టుకొని విలువ కట్టించుకోవడానికి ఊళ్ళు తిరగడం కన్న పెద్ద తెలివితక్కువతనం లేదు. ముందు స్టేషనుకు తెలియజేసి, వారు చెప్పినట్లు నడుచుకోవడం క్షేమం.

నాలుగవది, విదేశీ ధరలకు మురిసిపోవద్దు. అమెరికాలో 1898కి ముందు, లేదా ఆ సంవత్సరంలో తయారైన తుపాకిని అక్కడి కేంద్ర చట్టం పురాతన వస్తువుగా పరిగణిస్తుంది. అక్కడి వేలంపాటల లెక్కలు మన చట్టం కింద చెల్లవు. నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని మన 1972 పురావస్తు చట్టం నిషేధిస్తుంది. అక్కడున్న అబ్బాయి, అమ్మాయి “ఇక్కడ మంచి ధర వస్తుంది, పంపండి” అన్నారని తొందరపడితే చిక్కుల్లో పడేది మనమే.

చివరిగా ఒక విన్నపం. కాలంచెల్లిన తుపాకులు కరిగించడానికి పోతున్న రోజులివి. వాటిని మోసినవారు, లెక్కపెట్టినవారు, నంబర్లు రిజిష్టర్లకెక్కించినవారు మన సంఘాలలో ఉన్నారు. ఏ సంవత్సరంలో ఏ జిల్లాకు ఏ రకం వచ్చింది, మస్కెటు పోయి రైఫిలు ఎప్పుడు వచ్చింది, ఏ ముద్రలు ఉండేవి అనే వివరాలు జ్ఞాపకమున్నవారు దయచేసి కాగితం మీద పెట్టండి. ఇంట్లో పాత లైసెన్సు పుస్తకమో, ఫొటోయో, జమ రసీదో ఉంటే పారవేయకండి. పిల్లలకు చూపి, ఏమిటో చెప్పి, భద్రపరచమనండి. తుపాకిని సర్కారుకు అప్పగించవలసి వచ్చినా, దాని చరిత్ర మీ ఇంట్లోనే మిగిలి ఉంటుంది. ఆ చరిత్రకు లైసెన్సు అక్కరలేదు.